చేతికర్ర ముసలివాళ్ళకేనా?

కొండెక్కేటప్పుడు చేతిలో కర్ర పట్టుకోమంటే మీలో చాలామంది నవ్వుతారు. "మేమేమైనా ముసలివాళ్ళమా, మాస్టారూ?" అంటారు. మీ వయసులో నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు యాభై దాటాక, బడి మెట్లు దిగేటప్పుడు నా మోకాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నాయి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు అన్నాను. గమనించారా?

కొన్నేళ్ళ క్రిందట కార్తీకమాసంలో తొమ్మిదో తరగతి పిల్లలను కొండవీటి కోటకు నడకదారిన తీసుకువెళ్ళాను. ఎక్కేటప్పుడు అందరూ లేడిపిల్లలే. తిరుగుదారిలో కాళ్ళు అలసిపోయాయి, గులకరాళ్ళు పాదాల కింద గోలీల్లా దొర్లాయి. ఒక అబ్బాయి జారిపడ్డాడు, చీలమండ మెలితిరిగింది. ఇద్దరు చెరో భుజం పట్టి కిందికి దించేసరికి చీకటిపడింది. అంతమందిలో ఒక్కరి చేతిలోనూ కర్ర లేదు. ఆ తప్పు పిల్లవాడిది కాదు, నాది.

కొండ ఎక్కడమే కష్టమనీ, దిగడం తేలికనీ మనం అనుకుంటాం. ఊపిరి విషయంలో అది నిజమే. మోకాలి విషయంలో మాత్రం తలకిందులు. దిగే ప్రతి అడుగులోనూ మీ శరీరం కొంత ఎత్తునుండి కిందికి పడుతుంది. ఆ పతనాన్ని ఆపే పని ముందుకాలిది. తొడ ముందుభాగంలోని కండరం సాగుతూనే బిగబట్టి బ్రేకు వేయాలి. ఆ సమయంలో అది మోకాలిచిప్పను ఎముకకేసి గట్టిగా అదుముతుంది. ఇలా వేల అడుగులు!

ఇక్కడే కర్ర పనికివస్తుంది. ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు 25 డిగ్రీల వాలు మీద మనుషులను కర్రలతోనూ, కర్రలు లేకుండానూ నడిపించి మోకాలి మీద పడే బలాలను లెక్కగట్టారు. రెండు చేతులా కర్రలు ఊతగా పెట్టుకొన్నప్పుడు ఆ బలాలు 12 నుండి 25 శాతం వరకు తగ్గాయని 1999లో ప్రకటించారు. కాలు మోయవలసిన దానిలో కొంత చేయి పంచుకొన్నదన్నమాట. అయితే కర్ర పట్టుకొంటే ఒంట్లో శక్తి ఆదా అవుతుందని మాత్రం అనుకోకండి. చేతులు కూడా పనిచేస్తాయి గనుక మొత్తం ఖర్చు కొంచెం పెరుగుతుంది. మనకు దొరికేది కీళ్ళకు రక్షణ, నిలకడ. రెండు కాళ్ళ పీట నిలవదు, మూడు కాళ్ళ పీట నిలుస్తుంది. ఆధారం వెడల్పయితే మీ గరిమనాభి దాని హద్దు దాటడం కష్టమవుతుంది.

సరే, ఏ కర్ర కొనాలి? దుకాణాల్లో 'ట్రెక్కింగ్ పోల్స్' పేరుతో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి, కార్బన్ పోగులతో చేసినవి. అల్యూమినియం జత సుమారు 450 నుండి 600 గ్రాములు, కార్బన్ జత 300 నుండి 450 గ్రాములు తూగుతాయి. ఈ తేడా చూపించే దుకాణదారు కార్బన్‌కు ఎక్కువ ధర చెబుతాడు. మనం మురిసిపోయి కొంటాం.

కొనేముందు ఒక లెక్క వేద్దాం. ఒక్కొక్క కర్రకు 100 గ్రాములు తగ్గాయనుకోండి. అడుగడుగుకూ కర్రను 20 సెంటీమీటర్లు ఎత్తుతారనుకొంటే, మిగిలే పని 0.1 × 9.8 × 0.2, అంటే సుమారు 0.2 జౌల్. 45 కిలోల బరువున్న మీరు 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటి ఎక్కితే చేసే పని 66 జౌళ్ళు! మూడువందల రెట్లకు పైమాటే. వీపు మీద సంచిలోంచి అక్కరలేని వస్తువు ఒకటి తీసివేస్తే ఇంతకంటే ఎక్కువ లాభం.

తేలికతో పనే లేదని నేననను. కర్రను ఎత్తడమే కాదు, గడియారపు లోలకంలా ముందుకు ఊపుతాం గదా! ఊపేదానికి మొత్తం బరువు కంటే ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం. కింది కొన బరువైతే మణికట్టు త్వరగా అలసిపోతుంది. కర్రను అడ్డంగా వేలిమీద ఉంచి చూడండి. సమతూకం నిలిచే చోటు పిడికి ఎంత దగ్గరగా ఉంటే ఊపడం అంత సుఖం. దుకాణంలో త్రాసు కంటే మీ వేలినే నేను నమ్ముతాను.

తేలికగా ఉండి కూడా వంగకపోవడం ఎలా సాధ్యం? బోలుగా ఉండటం వల్ల. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి కడ్డీని, వెలుపల 18, లోపల 15 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని పోల్చండి. రెండింటిలోనూ లోహం దాదాపు ఒకటే. అయినా గొట్టం వంపును ఐదురెట్లకు మించి ఎదిరిస్తుంది. పదార్థం నడిమి అక్షానికి ఎంత దూరంగా ఉంటే వంచడం అంత కష్టం. ఈ సూత్రం ఇంజనీర్లు కనిపెట్టకముందే వెదురు పాటించింది. పైగా గొట్టం నలగకుండా కణుపులు కూడా పెట్టుకొన్నది. 1930లో అరవై దాటిన గాంధీగారు సబర్మతి నుండి దండి వరకు సుమారు 385 కిలోమీటర్లు నడిచినప్పుడు ఆయన చేతిలో ఉన్నది వెదురుకర్రే.

అందుకే నా సలహా: డబ్బుంటే అల్యూమినియం, లేకుంటే వెదురు. కార్బన్ పదునైన రాతికి గీసుకొంటే, ఆ గాటు దగ్గర ఒక్కసారిగా పుటుక్కున విరగవచ్చు. అల్యూమినియం ముందు వంగుతుంది, హెచ్చరిస్తుంది. పొడవు మార్చుకొనే కర్రల్లో మెలితిప్పి బిగించేవాటికంటే మీట నొక్కి బిగించేవి మంచివి. దిగడం మొదలుపెట్టేముందు ఒకసారి బరువు మోపి జారడంలేదని చూసుకోండి. వెదురైతే పగుళ్ళు లేనిది, బాగా ఎండినది తీసుకోండి. పచ్చిదానిలో నీటిబరువు ఉంటుంది. వెదురుపని చేసేవారి దగ్గర కొనండి. అడవిలో మాత్రం నరకవద్దు. అడుగున కుర్చీకాళ్ళకు వేసే రబ్బరు బుష్షు తొడిగితే రాతిమెట్ల మీద పట్టు దొరుకుతుంది.

నిటారుగా నిలబడి కర్రను పక్కన ఆనించి పట్టుకొంటే మోచేయి లంబకోణంలో ఉండాలి. 150 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు పిడి సుమారు 100 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ఎక్కేటప్పుడు 5 నుండి 10 సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. వెదురుకర్రను పొడవు మార్చలేం గదా అంటారేమో! ఒక జానెడు పొడవు ఎక్కువ ఉంచుకొని, ఎక్కేటప్పుడు కాస్త కింద, దిగేటప్పుడు కాస్త పైన పట్టుకోండి. పశువుల కాపరులు చేసేది అదే, వారికి ఎవరూ నేర్పలేదు.

పిడికి పట్టీ ఉంటే చేతిని కిందినుండి పైకి దూర్చి, పట్టీతో సహా పిడిని పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీదుగా పట్టీకి చేరుతుంది, వేళ్ళు బిగించనక్కరలేదు. పైనుండి దూర్చేవారే ఎక్కువ. వాగు దాటేటప్పుడు, పడితే లాగేసే చోట్ల చేయి పట్టీలోంచి తీసివేయాలి.

దిగేటప్పుడు కర్ర ముందు, కాలు తరువాత. అయితే కర్రను మరీ ముందుకు చాచకండి. పొడి రాతి మీద రబ్బరు ఘర్షణ గుణకం 0.6 అనుకొంటే, కర్ర నిట్టనిలువు నుండి 30 డిగ్రీలకు మించి వాలితే జారిపోతుంది. తడిరాతి మీద ఇంకా ముందే జారుతుంది. నిచ్చెన గోడకు వేసినప్పటి కథే ఇదీ.

2023లో అలిపిరి నడకదారిలో చిరుతపులి భయం వచ్చాక, కాలినడకన వెళ్ళే భక్తులకు దేవస్థానంవారు చేతికర్రలు ఇచ్చారు. ఆ కర్ర పులి కోసం. ఎవరైనా దాన్ని మోకాళ్ళ కోసం కూడా వాడి ఉంటే వారికి లాభమే! ఇక చదునైన దారిలో కర్రను సంచికి కట్టేయండి. మీ వయసులో కాళ్ళు సొంతంగా నిలకడ నేర్చుకోవాలి. అన్ని వేళలా ఊత ఇవ్వడం నాకు ఇష్టంలేదు.

ఇంట్లోనో, ఆరోగ్యకేంద్రంలోనో బరువు తూచే యంత్రం ఉంటే ఒక ప్రయోగం చేయండి. యంత్రం ఎక్కి నిలబడి, కర్రను బయట నేలమీద ఆనించి నొక్కండి. ముల్లు ఎన్ని కిలోలు వెనక్కి వచ్చిందో చూడండి. 5 కిలోలు తగ్గితే, వెయ్యిసార్లు ఊతపెట్టినప్పుడు మీ కాళ్ళమీద నుండి మొత్తం 5 టన్నులు చేతులు తీసుకొన్నట్లే. మోచేయి వంచి ఒకసారి, చాచి ఒకసారి నొక్కి, ముల్లు ఎప్పుడు ఎక్కువ తగ్గిందో నోటుపుస్తకంలో రాసుకోండి.