గేర్‌బాక్స్ దిగాక చూద్దాం!

సాయంత్రం పూట సికింద్రాబాద్ స్టేషన్ వైపు నుంచి మా రెజిమెంటల్ బజార్ సందుల్లోకి కారు తిప్పి చూడండి. ఎదురుగా ఆటోలు, పక్కన తోపుడుబండ్లు, మధ్యలో బ్యాగులు లాక్కుంటూ రైలు కోసం పరుగెత్తేవాళ్లు. ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, బ్రేకు. మళ్లీ ఫస్ట్ గేరు. ఇలా రోజూ నడిపితే క్లచ్ తొందరగా అరక్క ఏం చేస్తుంది?

మా చిన్నమ్మ కొడుకు క్యాబ్ నడుపుతాడు. డీజిల్ బండి. పోయిన నెల ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు పోవట్లేదు. మెకానిక్ ఫోన్లోనే తేల్చేశాడు: "క్లచ్ సెట్‌తో పాటు ఫ్లైవీల్ కూడా వేసేద్దాం తమ్మీ, మళ్ల టెన్షన్ ఉండదు." మావాడికి అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. ఈఎంఐ దగ్గర పడింది. "అన్నా, వెయ్యాల్నా వద్దా?" అని నాకు ఫోన్ చేశాడు.

నా జవాబు ఒకటే: గేర్‌బాక్స్ దిగాక చూద్దాం.

ఫ్లైవీల్ అంటే క్రాంక్‌షాఫ్ట్ చివర బోల్టులతో బిగించిన బరువైన చక్రం. క్లచ్ ప్లేటు దీనికి అదుముకుంటేనే ఇంజిన్ బలం గేర్‌బాక్స్‌కి వెళ్తుంది. గేర్‌బాక్స్ దించకుండా దీని ముఖం సరిగ్గా కనిపించదు. కనిపించనిదాన్ని ఫోన్లో ఎలా తేలుస్తాం?

ఇందులో రెండు రకాలున్నాయి. చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఉండేది ఒకే ముక్క చక్రం. చిన్న గీతలుంటే ఎమరీ పేపరుతో రుద్ది శుభ్రం చేస్తే చాలు. వేడికి నీలం మచ్చలొచ్చినా, గాడి పడినా, మందం మిగిలి ఉంటే లేత్ షాపులో ముఖం సమంగా కొట్టించొచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? లోతైన పగుళ్లుంటే మాత్రం బేరాలొద్దు, మార్చాల్సిందే. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ చక్రం సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. అక్కడ అది విరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. స్టార్టర్ పట్టుకునే అంచు పళ్లు కూడా చూడండి.

రెండోది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. చాలా డీజిల్ కార్లలో ఇదే. రెండు చక్రాలు, మధ్యలో స్ప్రింగులు. ఇంజిన్ కుదుపు గేర్‌బాక్స్‌కి తగలకుండా ఆపేది ఇవే. చాలా కార్లకు క్లచ్ సెట్ కంటే దీని ధరే ఎక్కువ. ముఖం కొట్టించినంత మాత్రాన లోపలి స్ప్రింగులు బాగుపడవు. చేత్తో తిప్పితే కొంచెం ఆడటం మామూలే. కంపెనీ చెప్పిన కొలత దాటి ఆడినా, గ్రీజు బయటికి కారినా, ఇంజిన్ ఆపేటప్పుడు గడగడ చప్పుడొచ్చినా దాని పని అయిపోయినట్టే.

మావాడి బండి గేర్‌బాక్స్ దిగింది. ఫ్లైవీల్ చుట్టూ గ్రీజు. తిప్పితే వదులుగా ఊగుతోంది. మెకానిక్ మాటే నిజమైంది. పాతదాన్ని వదిలేస్తే కొత్త క్లచ్ వేసినా వణుకు, చప్పుడు పోవు. కొన్ని నెలలకే మళ్లీ గేర్‌బాక్స్ దించాలి, మళ్లీ అదే కూలీ కట్టాలి. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో రేట్లు కనుక్కొని కొత్తది వేయించాడు. జేబుకి గట్టిగానే తగిలింది. కానీ దేనికి కట్టాడో కళ్లారా చూసి కట్టాడు.

కాబట్టి మీ వంతు వస్తే, పని మొదలవకముందే రెండు రేట్లు అడగండి: ఫ్లైవీల్‌తో ఎంత, లేకుండా ఎంత? గేర్‌బాక్స్ దిగాక ఫోన్ చెయ్యమనండి. వెళ్లలేకపోతే ఫ్లైవీల్ ముఖం ఫొటో, తిప్పి చూపించే వీడియో పంపమనండి. అది ఇప్పితే కొత్త బోల్టులే వేయించండి. వెనకాల క్రాంక్ ఆయిల్ సీల్ కారుతోందేమో అప్పుడే చూడమనండి. మారిస్తే పాత ముక్క అడిగి చూడండి. మంచి మెకానిక్ ఇవన్నీ అడిగినందుకు కోప్పడడు, లైటు వేసి మరీ చూపిస్తాడు.