తాళం తీసిన కోర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు పెద్దలు. కంప్యూటర్ల విషయంలో ఈ సామెతని నేను ఒప్పుకోను. ముఖ్యంగా రెండు కోర్ల ప్రాసెసర్ కొనుక్కుని, బయోస్‌లో ఒక సెట్టింగ్ మార్చి, నాలుగు కోర్లు సంపాదించుకున్న వాళ్ళ విషయంలో అసలే ఒప్పుకోను. ఆ ఆవుకి ఒక్కో పన్నూ లెక్కపెట్టాల్సిందే. లెక్కపెట్టాక కూడా ఆ పాలు పసిపిల్లలకి పట్టకూడదని నా అభిప్రాయం.

పదిహేనేళ్ళ నాటి ముచ్చట ఇప్పుడెందుకు అంటారా? ఇక్కడ కెనడాలో మన వాళ్ళ బేస్‌మెంట్లలో పాత కంప్యూటర్లు చాలానే ఉంటాయి. పారెయ్యడానికి చేతులు రావు. సెప్టెంబర్‌లో ఇండియా నుంచి చదువుకోడానికి పిల్లలు దిగగానే “ఒకటుంది, పట్టుకెళ్ళు బాబూ” అని ఇచ్చేస్తాం. మంచి పనే. అలా చేతులు మారేవాటిలో 2009, 2010 నాటి ఏఎమ్‌డీ యంత్రాలు కూడా ఉంటాయి. ఎప్పుడో ఒక ఆదివారం సరదాగా అందులో దాచిన కోర్‌ని తెరిచామన్న సంగతి ఇచ్చేవాళ్ళకి గుర్తుండదు. పుచ్చుకునేవాళ్ళకి తెలిసే దారే లేదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2009 జూన్‌లో ఏఎమ్‌డీ ఫెనమ్ 2 ఎక్స్2 550 అనే ప్రాసెసర్ విడుదల చేసింది. వెల సుమారు వంద అమెరికన్ డాలర్లు. పెట్టె మీద రెండు కోర్లని రాసుండేది. లోపలున్న సిలికాన్ ముక్క మాత్రం నాలుగు కోర్ల ఫెనమ్ 2 ఎక్స్4లో ఉన్నదే. దాని పేరు డెనెబ్. 45 నానోమీటర్ల పద్ధతిలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారయ్యేది, దాదాపు 76 కోట్ల ట్రాన్సిస్టర్లు. అంతకు కొన్ని నెలల ముందు, ఫిబ్రవరిలో వచ్చిన మూడు కోర్ల ఎక్స్3 720 కూడా ఇదే ముక్క.

నాలుగున్నదాన్ని రెండని ఎందుకు అమ్మారు? మన ఊళ్ళో కట్ పీసుల కొట్టు గుర్తు తెచ్చుకోండి. తానులో ఒక చోట నేత తప్పితే ఆ భాగం వదిలేసి మిగతాది ముక్కగా అమ్ముతారు. ఒక్కోసారి తాను శుభ్రంగానే ఉంటుంది, కానీ అడిగేవాళ్ళంతా జాకెట్టు ముక్కే కావాలంటారు. అప్పుడు మంచి తానునే కోస్తారు. చిప్పుల వ్యాపారమూ అంతే. ఒక కోర్ పరీక్షలో తప్పితే దాన్ని మూసేసి తక్కువ ధరకి అమ్ముతారు. తక్కువ ధర సరుకుకి గిరాకీ ఎక్కువైతే, పాసైన కోర్లని కూడా మూసేసి అమ్ముతారు. మీకు వచ్చినది ఏ రకం ముక్కో పెట్టె మీద రాయరు.

ఆ మూసిన కోర్లకి తాళంచెవి అనుకోని చోట దొరికింది. ఎస్‌బీ750, ఎస్‌బీ710 అనే చిప్పులున్న మదర్‌బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ క్లాక్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగ్ ఉండేది. దాన్ని పెట్టింది ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళ సౌకర్యం కోసం. దాన్ని ఆటోలో పెడితే కొన్ని ప్రాసెసర్లలో మూసిన కోర్లు మేలుకునేవి. ప్రాసెసర్ పేరు కూడా మారిపోయేది. ఎక్స్2 550 కాస్తా తెర మీద ఫెనమ్ 2 ఎక్స్4 బి50 అని కనిపించేది. ఆ పేరుతో ఏ దుకాణంలోనూ డబ్బా అమ్మలేదు. తర్వాత బోర్డులు చేసే కంపెనీలు కోర్ అన్‌లాకర్ లాంటి పేర్లతో ఈ పనికే మీటలు పెట్టి ప్రచారం చేసుకున్నాయి.

ఈ కథకి కెనడాతో చుట్టరికం ఉంది. టొరంటో పక్కన మార్కమ్‌లో 1985లో పుట్టిన ఏటీఐని ఏఎమ్‌డీ 2006లో 540 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. పైన చెప్పిన ఎస్‌బీ చిప్పులు ఆ ఏటీఐ వంశంలోవే. ఈ దాగుడుమూతలు ఏటీఐకి కొత్త కూడా కాదు. 2002లో వాళ్ళు రేడియాన్ 9500 అనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చారు. ఖరీదైన 9700లో ఉన్న చిప్పే, ఎనిమిది పైప్‌లైన్లలో నాలుగు మూసేసినది. కుర్రాళ్ళు సాఫ్ట్‌వేర్‌తోనే వాటిని తెరిచేశారు. అదృష్టవంతులకి 9700 దొరికింది. నిజంగా చెడిపోయిన పైప్‌లైన్లు వచ్చినవాళ్ళకి ఆటలో తెర మీద చదరంగం బల్లలా గళ్ళు పడేవి.

నా వాదనంతా ఆ గళ్ళ మీదే ఉంది. గ్రాఫిక్స్ కార్డులో తప్పు కళ్ళకి కనిపించింది. చూశారు, మళ్ళీ మూసేశారు, ఎవరికీ నష్టం లేదు. ప్రాసెసర్ కోర్‌లో తప్పుకి గళ్ళుండవు. కంప్యూటర్ ఠక్కున ఆగిపోతే అదృష్టమే, కనీసం తెలిసింది. ఆగకుండా ఒక తప్పు అంకెని తీసుకెళ్ళి ఫైల్లో రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకే పరీక్ష కావాలి. ఆ పరీక్ష ఎలా చెయ్యాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదట కోర్లు తెరవకుండా, కంపెనీ ఇచ్చిన వేగంలోనే పరీక్షించి అంకెలు రాసిపెట్టుకోండి. పోల్చుకోడానికి అదే ఆధారం. తర్వాత మెమ్‌టెస్ట్‌తో ర్యామ్ చూడండి. ర్యామ్‌లో తప్పుంటే నేరం కోర్ మీద పడుతుంది. చాలా బోర్డుల్లో కోర్లని విడివిడిగా తెరవొచ్చు, మూయొచ్చు. ఒక్కొక్కటిగా తెరవండి. రెండింటిలో ఒకటే బాగుంటే మూడు కోర్లతో సరిపెట్టుకోవచ్చు. అదే సమయంలో ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్ళొద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే తప్పు దేనిదో తేలదు.

తర్వాత ప్రైమ్95. జార్జ్ వోల్ట్‌మన్ అనే ఆయన 1996లో మొదలుపెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం రాసిన ప్రోగ్రామ్ ఇది. లక్షల అంకెలున్న సంఖ్యల మీద రోజుల తరబడి లెక్కలు చేస్తుంది, మధ్యలో ఒక్క తప్పు పడినా మొత్తం వృథా. అందుకని యంత్రాన్ని ముందే శోధించడానికి అందులో టార్చర్ టెస్ట్ పెట్టారు. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి సరిచూస్తుంది. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పెడితే ప్రాసెసర్ బాగా వేడెక్కుతుంది, బ్లెండ్ పెడితే ర్యామ్ కూడా పనిలోకి వస్తుంది. ఒక్కో కోర్‌కి ఒక వర్కర్ ఉంటుంది కాబట్టి ఏది ఆగిందో చూసుకోవచ్చు. ఇరవై నిమిషాలు నడిపి “స్టేబుల్” అనేవాళ్ళని నమ్మకండి. ఒక పూర్తి రోజు, ఇరవై నాలుగు గంటలు నడవాలి. ఆ తర్వాత ఒక పెద్ద ఫోల్డర్‌ని జిప్ చేసి, విప్పి, అసలుతో పోల్చే పనిని కొన్ని పదుల సార్లు చేయించండి. ఎప్పుడూ ఒకే భారం మీద నడిచే యంత్రం తట్టుకున్నా, భారం పడుతూ తగ్గుతూ వోల్టేజి మారేటప్పుడు తడబడొచ్చు.

ఉష్ణోగ్రత దగ్గర ఇంకో చిక్కుంది. కోర్లు తెరవగానే చాలా బోర్డుల్లో కోర్ లోపలి సెన్సర్ సరిగ్గా చెప్పడం మానేస్తుంది. సున్నా చూపిస్తుంది, లేదా అర్థంలేని అంకె ఒకటి చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో “12 డిగ్రీలు” చూసి మురిసిపోయినవాళ్ళని ఎరుగుదును. గది కన్నా చల్లగా ఉండే ప్రాసెసర్ గాలి ఫ్యానుతో సాధ్యం కాదు. అప్పుడు మదర్‌బోర్డు సాకెట్ దగ్గర కొలిచే అంకె ఒక్కటే దిక్కు. అంటే కొత్త కోర్లు చేర్చి, వేడి పెంచి, సరిగ్గా అప్పుడే మంచి థర్మామీటర్ని పోగొట్టుకుంటున్నాం.

వేడి ఎంత పెరుగుతుందో కంపెనీ అంకెలే చెప్తాయి. ఎక్స్2 550కి రాసినది 80 వాట్లు. దాదాపు అదే వేగంతో నడిచే నాలుగు కోర్ల ఎక్స్4 955కి 125 వాట్లు, దాటకూడని ఉష్ణోగ్రత 62 డిగ్రీలు. కోర్లు తెరిచాక మీ యంత్రం మొదటి దానికన్నా రెండో దానికి దగ్గర. పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాను, 95 వాట్లకే సరిపడా చేసిన చవక బోర్డు దీన్ని మొయ్యగలవా అన్నది విడిగా చూసుకోవాలి.

పైగా మన కెనడా చలి ఒకటి మోసం చేస్తుంది. జనవరిలో బేస్‌మెంట్ 18 డిగ్రీలుంటుంది. పరీక్షలో ప్రాసెసర్ 52 చూపించిందనుకుందాం. భేషుగ్గా ఉందంటాం. నిజానికి రాసుకోవాల్సింది తేడా, అంటే 34. జూలైలో ఏసీ లేని పై అంతస్తు గదిలో 30 డిగ్రీలుంటే అదే ప్రాసెసర్ 64కి చేరుతుంది. హద్దు దాటింది. అంచున ఉన్న కోర్ వేడిలోనే తప్పులు మొదలుపెడుతుంది. కాబట్టి చలికాలంలో పాసైన కోర్‌ని ఎండాకాలంలో మళ్ళీ పరీక్షించకుండా పాస్ అనకూడదు. చలికాలంలో ఆ పరీక్ష వల్ల లాభం లేకపోలేదనుకోండి, రాత్రంతా కుంపటి పెట్టినట్టు గది వెచ్చగా ఉంటుంది.

ఇదంతా చేసినా పూర్తిగా నమ్మలేమని నా నమ్మకం. మా బావమరిది కొడుకు 2016లో కిచెనర్‌కి చదువుకోడానికి వచ్చి, వాడిన కంప్యూటర్ ఒకటి కొనుక్కున్నాడు. అమ్మినాయన క్వాడ్ కోర్ అన్నాడు. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఓ రోజు ఫోన్ చేసి “మావయ్యా, ఈ జిప్ ఫైళ్ళలో కొన్ని తెరుచుకోవట్లేదు, పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు” అన్నాడు. ఫోన్‌లో చోటు కోసం ఇంటి ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, జిప్ చేసి, ఫోన్‌లోవి తీసేశాడు. వెళ్ళి చూస్తే బయోస్‌లో బి50 అని ఉంది. ప్రైమ్95 పెట్టాం. మొదటి రాత్రి ఎనిమిది గంటలు నిక్షేపంగా నడిచింది. మర్నాడు మళ్ళీ పెడితే పదకొండో గంటలో నాలుగో వర్కర్ ఆగిపోయింది. ఆ కోర్‌ని మూసేశాక యంత్రానికి ఏ ఇబ్బందీ రాలేదు. పాడైన ఫైళ్ళు మాత్రం తెరుచుకోలేదు. అమ్మినాయనకి ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఆయనకీ ఎవరో అలాగే ఇచ్చి ఉండొచ్చు.

ఇది పాత చవక చిప్పుల గోలే కదా అనుకోకండి. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్ల గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఒక సర్వర్లో ఒకే ఒక కోర్ 1.1ని 52వ ఘాతానికి సరిగ్గానే లెక్కకట్టి 142 అంది. 53వ ఘాతానికి 156 అనాల్సింది పోయి సున్నా అంది. ఆ సున్నాని ఫైలు సైజుగా తీసుకుని, పైన నడిచే ప్రోగ్రాములు ఫైళ్ళని ఖాళీ అనుకుని వదిలేశాయి. అదే ఏడాది గూగుల్ ఇంజనీర్లు కూడా కొన్ని వేల యంత్రాలకి కొన్ని చొప్పున ఇలాంటి కోర్లు కనిపిస్తున్నాయని రాశారు. అవన్నీ ఫ్యాక్టరీ పరీక్షలో పాసైన కోర్లు. మన చేతిలో ఉన్నది ఫ్యాక్టరీయే పక్కన పెట్టిన కోర్. పరీక్ష తప్పుందని చూపించగలదే గానీ తప్పు లేదని చూపించలేదని డైక్‌స్ట్రా ప్రోగ్రాముల గురించి ఎప్పుడో అన్నాడు. సిలికాన్‌కీ అది వర్తిస్తుంది.

“మాది పదేళ్ళుగా నడుస్తోంది, ఏమీ కాలేదు” అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే అయ్యుంటుంది. మంచి తానులోంచి కోసిన ముక్క వాళ్ళకి దొరికి ఉంటుంది. నేను కోర్లు తెరవొద్దనడం లేదు. వంద డాలర్ల యంత్రంలో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం మంచిది, దానివల్ల నేర్చుకున్నవాళ్ళు ఎందరో. ఆటలాడుకోండి, సినిమాలు చూసుకోండి. పోతే పోయేది ఒక సాయంత్రం. ఇంకెక్కడా కాపీ లేని ఫొటోలు, థీసిస్, టాక్స్ లెక్కలు మాత్రం దాని మీద పెట్టకండి.

ఇంకొకరికి ఇచ్చేటప్పుడు బయోస్‌లోకి వెళ్ళి ఆ సెట్టింగ్ ఆపేసి ఇవ్వండి. రెండు నిమిషాల పని. పిల్లవాడికి రెండు కోర్లే దొరుకుతాయి, కానీ అవి కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చిన రెండు కోర్లు. లేదూ, నాలుగూ ఇవ్వాలనిపిస్తే విషయం చెప్పి, డబ్బా మీద ఒక కాగితం అంటించండి: రెండు కోర్లు తర్వాత తెరిచినవి, ఫలానా నెలలో ఇన్ని గంటలు పరీక్షించాం, గది ఇన్ని డిగ్రీలు, ప్రాసెసర్ ఇన్ని డిగ్రీలు. మన కోర్‌ని నమ్మాలో వద్దో మనం తేల్చుకోవచ్చు. వాళ్ళ తరఫున కూడా మనమే తేల్చెయ్యడం సరికాదు.