పాత కారునకు స్కానరు

అగళినుండి హిందూపురము పోవుచుండగా మా పాత కారులో ఇంజను దీపము వెలిగెను. మరమ్మతు చేయువాడు దోషములు చదువు స్కానరు తగిలించి చూచి, ఆక్సిజను సెన్సారు చెడినదని క్రొత్తది వేసెను. మూడవనాడు దీపము మరల వెలిగినది. ఎలుక కొరికిన తీగ యందుకు కారణము! మాది బడిపంతులు సంసారము. ఆ నెల పాలబాకీ నిలిచిపోయినది.

స్కానరు చూపిన సంఖ్య పీ 0135. సెన్సారును వేడిచేయు విద్యుత్తు మార్గమున లోపమని దాని యర్థము. ఆ మార్గమున సెన్సారు, ఫ్యూజు, తీగ మూడును గలవు. వానిలో నేది చెడినదో ఆ సంఖ్య చెప్పదు. కావున స్కానరు మనమే కొనినచో, ఇంజను నడచుచుండగా సెన్సారుల కొలతలనుగూడ జూపుదానిని గొనుట మేలు. ప్రక్కన నొక మల్టీమీటరు నుండవలెను. తీగ గుట్టు బయటపెట్టునది అదియే.

కొనుటకు ముందు కారు పుట్టిన యేడు చూడుడు. కార్బురేటరు గల మారుతీ 800కు స్కానరుతో పనియే లేదు. కారు తన దోషమును దానే కనిపెట్టి చెప్పు ఓబీడీ ఏర్పాటులో రెండవ దశ మన దేశమున 2013 ఏప్రిలునుండి తప్పనిసరి యైనది. అంతకు పూర్వపు కార్లలో పదునారు పిన్నుల సాకెట్టున్నను సామాన్య స్కానరుకు బదులు పలుకునను నమ్మకము లేదు. మా కారునకు దగిలించి చూపిన పిదపనే సొమ్మిత్తుమని అంగడివానితో మొగమాటము లేక చెప్పుడు.

మేమీ నెల ఎలుకబోను కొంటిమి. స్కానరు పై నెల.