ఒక్క పేరునకు ఒక్క రూపమే యుండవలెను

కృష్ణా డెల్టాలో డేటాబేస్ విద్యను బోధించు అధ్యాపకులకును, విజయవాడ, గన్నవరము, మచిలీపట్నములందు కార్యాలయముల లెక్కలకై క్వెరీలు వ్రాయుచున్న యువజనులకును చేయు విజ్ఞప్తి యిది.

కాలువలు అను పట్టికలో ఏలూరు, బందరు, రైవస్ అను మూడు పేర్లు గలవనుకొనుడు. ప్రకాశం బ్యారేజీ ఎడమగట్టు వైపున నీరందుకొని విజయవాడ నడుమగా పారు కాలువలివి. వీనిని అకారాదిక్రమమున, నడుమ కామాలతో, ఒక్క వరుసగా కూర్పదలచినవాడు పోస్ట్‌గ్రెస్‌లో స్ట్రింగ్_యాగ్(పేరు, ',' ఆర్డర్ బై పేరు) అని వ్రాయవలెను. కాని క్రొత్తవాని చేయి స్ట్రింగ్_యాగ్(పేరు ఆర్డర్ బై పేరు, ',') అని పోవుట మిక్కిలి సహజము. ఏమి కూర్పవలెనో, ఏ క్రమమున కూర్పవలెనో చెప్పినపిదపనే నడుమ గుర్తు మాట మనసునకు దోచును. యంత్రమట్లు చదువదు. ఆర్డర్ బై పిమ్మట కామా వచ్చినచో, దాని తరువాతిది క్రమమునకు రెండవ ఆధారమని గ్రహించును. ఆ ఆధారము ప్రతి వరుసయందును ఒక్కటే యగుటచే క్రమము రవంతయు మారదు. ఫంక్షన్‌కు చేరునది పేరను ఒక్క ఆర్గ్యుమెంటు మాత్రమే.

అట్టి ఏక ఆర్గ్యుమెంటు రూపము కూడ అదే పేరుతో నున్నయెడల, క్వెరీ ఏ ఆక్షేపణయు లేక నడచి 'ఏలూరుబందరురైవస్' అని చేతికిచ్చును. 2010లో పోస్ట్‌గ్రెస్ 9.0 పరీక్షాదశలో నున్నపుడు స్ట్రింగ్_యాగ్ ఈ రెండు రూపములతోను నుండెను. జనులు దానివలన తికమకపడుట గమనించి నిర్మాతలు, సెప్టెంబరు 20న ఆ సంచిక వెలువడుటకు పూర్వమే, ఏక ఆర్గ్యుమెంటు రూపమును తొలగించిరి. నేడదే తప్పు చేసినచో అట్టి ఫంక్షన్ లేదని యంత్రము నిలిపివేయును. వారంతటితో ఊరకుండలేదు: ఒకే పేరు గల అంతర్నిర్మిత అగ్రిగేట్ ఫంక్షన్లు వేర్వేరు సంఖ్యల ఆర్గ్యుమెంట్లతో నుండరాదని నియమించి, దానిని కనిపెట్టు పరీక్షను తమ పరీక్షల సముదాయమున చేర్చిరి. కౌంట్(*), కౌంట్(పేరు) అను జంటయే మినహాయింపు. లెక్కించుటకు వరుసక్రమముతో పనిలేదు గదా. నల్ (NULL) విలువలను మొదటిది లెక్కించును, రెండవది విడుచును. ఆ భేదమును వేరుగా బోధింపవలసియున్నది.

జాగ్రత్తగా వ్రాయుడని విద్యార్థిని హెచ్చరించుట చాలదని నా దృఢాభిప్రాయము. నిలిచిపోయిన క్వెరీని వ్రాసినవాడే దిద్దుకొనును. నడచిపోయిన తప్పుడు క్వెరీ ఫలితము నివేదికలో చేరి, దానిని నమ్మి సంతకము చేయు అధికారి బల్లమీదికి పోవును. నడుమ గుర్తు అక్కరలేనివాడు సయితము ప్రతిసారియు ఖాళీ కొటేషను గుర్తులు వ్రాయవలసివచ్చుట శ్రమయే యని కొందరందురు. నిజమే, కాని ఆ శ్రమ కామాతో కలిపి మూడు గుర్తులదే.

కావున మన సంస్థలలో స్వంత అగ్రిగేట్ ఫంక్షన్లు నిర్మించువారు ఒక పేరునకు ఒకే ఆర్గ్యుమెంట్ల సంఖ్యను నియమించి, రెండవ రూపము తప్పనిసరియైనచో దానికి వేరు పేరు పెట్టవలెను; ఆర్గ్యుమెంట్ల సంఖ్యకు పరిమితి లేని రూపములను ఆర్డర్ బైతో వాడు అగ్రిగేట్లకు ఈయరాదు; పేర్లను పోల్చి చూచు చిన్న పరీక్షను ప్రతి విడుదలకు ముందు నడపవలెను. కళాశాలల ప్రయోగశాలలందు అధ్యాపకులు స్ట్రింగ్_యాగ్ అను పేరుతోనే ఏక ఆర్గ్యుమెంటు ఫంక్షనొకటి తామే నిర్మించి పెట్టి, పై తప్పుడు క్వెరీని విద్యార్థులచేత బుద్ధిపూర్వకముగా వ్రాయించి, మూడు కాలువల పేర్లు ఒక్కటిగా అంటుకొనుట చూపి, ఆ పిమ్మట ఆ ఫంక్షనును తొలగించి అదే క్వెరీని మరల నడిపింపవలెను.