చనిపోయినవాడి అప్పు - బతికున్నవాళ్ల వేలిముద్ర

కూలిమనిషి కన్నుమూస్తే ముందు బంధువులు వస్తారు. పెదకర్మ కాకుండానే అప్పులవాడు వస్తాడు. కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో ఈమధ్య మేము కళ్లారా చూసిన సంగతి ఇది.

చనిపోయినాయన రెండెకరాలు కౌలుకు చేస్తూ, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. వదిలిపోయిన ఆస్తి ఒక ఎకరం డి-పట్టా భూమి, బ్యాంకులో కొద్దిపాటి సొమ్ము. పదకొండోనాడు ఒక ఆసామి పాత ప్రోనోటు పట్టుకుని గడపలో కూర్చున్నాడు. "దీన్ని చించేస్తానమ్మా. నువ్వూ, నీ కొడుకూ కలిసి కొత్తది రాయండి. పోయినవాడి పరువు నిలబడుతుంది" అన్నాడు. కొడుకు కలం తీశాడు. మావాళ్లు అడ్డంపడి ఆపారు.

ఇందులో మోసం ఏముంది? చనిపోయినవాడి అప్పు అతని ఆస్తిలోంచి వారసుల చేతికి వచ్చిన మేరకే వసూలవుతుంది. వారసుల రెక్కల కష్టం జోలికి రాదు. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమనే పాత వాదనను కూడా, 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకు, కోర్టులు ఒప్పుకోకూడదు. కాని కొత్త నోటు మీద వేలిముద్ర పడిందా, అది వేసినవాళ్ల సొంత అప్పు అయిపోతుంది. పైగా ప్రోనోటుపై దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ ఆసామి నోటుకు గడువు దాటడానికి నెలరోజులు కూడా లేదు. పరువు మాట ఎందుకు వచ్చిందో ఇప్పుడర్థమైంది కదా!

రెండో తగాదా ఇంట్లోనే లేచింది. అడంగల్లో కొడుకు పేరు ఒక్కటే ఎక్కిద్దామన్నాడు పెదనాన్న. పెళ్లయిన కూతురి పేరు ఎందుకట! మా సంఘం ఇళ్లలోనూ ఈ మాట వినబడుతుంది, సిగ్గుపడాల్సిన విషయం. వీలునామా లేనప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటా. క్రైస్తవ కుటుంబాలకు 1925 చట్టం: భార్యకు మూడోవంతు, మిగతాది పిల్లలకు, ఆడా మగా తేడా లేకుండా. డి-పట్టా భూమి అమ్మకానికి ఆంక్షలున్నా వారసులకు మాత్రం వస్తుంది. అడంగల్లో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, ఎక్కనంత మాత్రాన పోదు. అయినా పేరు లేనివాళ్లకు పంట రుణం దగ్గర్నుంచి అన్నీ ఇబ్బందులే. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. తండ్రి పేర్నే భూమి ఉండిపోతే దున్నే కొడుకు చచ్చినా ఆ ఇంటికి బీమా దక్కదు.

ఇక బ్యాంకు సొమ్ము. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గాని మొత్తానికి యజమాని కాదు, వారసుల వాటాలు అలాగే ఉంటాయి. నామినీ లేకపోతే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రంతో మొదలుపెట్టాలి. చిన్న మొత్తమైతే బ్యాంకువాళ్లు హామీపత్రం రాయించుకుని ఇవ్వవచ్చు. పెద్దదైతే, లేదా తగాదా ఉంటే, సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తేవాలి. వీలునామా ఉందని ఎవడైనా తెల్లకాగితం చూపిస్తే హడలిపోవద్దు. రిజిస్టరు కాకపోయినా చెల్లవచ్చు, కాని ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి, తగువు కోర్టుకెక్కితే అది నిజమని చూపించాల్సింది దాన్ని తెచ్చినవాడే.

"ప్లీడరుకు డబ్బులెక్కడివి?" అని ఆమె అడిగింది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా పెట్టాలి. కోర్టు ఫీజూ వాళ్లే భరించాలి. జిల్లా కోర్టు ఆవరణలో ఆ కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా సరిపోతుంది. తెల్లకాగితం మీద అర్జీ చాలు. ఒక్క జాగ్రత్త: లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిమీద అప్పీలు లేదు. చదివి వినిపించుకోకుండా వేలిముద్ర వేయొద్దు.

మా లోపమూ చెప్పుకోవాలి. కార్యకర్త చనిపోతే జెండా కప్పుతాం, సంతాపసభ పెడతాం. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఏ కాగితాలున్నాయో ఎవరమూ అడగం. ఈసారి అడిగాం. పట్టా, పాసుపుస్తకం, మరణ ధ్రువపత్రం ఒక సంచిలో పెట్టి ఆమె, కూతురు కలిసి కచ్చేరికి వెళ్లారు. ముగ్గురి పేర్లతో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకున్నారు. ఆసామి తన నోటు తాను పట్టుకుపోయాడు, కోర్టుకు వెళ్తానన్నాడు. ఇంతవరకూ వెళ్లలేదు.