ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో సెర్చ్ బాక్స్.. ఒక్క పేరు కొడితే ఎన్ని రహస్యాలు బయటపడతాయ్?

సినిమా లీక్ అనగానే థియేటర్లో ఫోన్ కెమెరా, లేదంటే ఎక్కడో కూర్చున్న హ్యాకర్ గుర్తొస్తారు. కానీ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఆఫీసులకు అసలు ముప్పు లోపలి కంప్యూటర్లలోనే ఉంది. కావాల్సిన ఫైల్‌ను క్షణాల్లో వెతికిపెట్టే డెస్క్‌టాప్ సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఆ ముప్పును పెంచుతోంది. ఎలాగో చూద్దాం.

లీకులు ఇంటి నుంచే..

2013 సెప్టెంబరు గుర్తుందా? పవన్ కల్యాణ్ 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే దాదాపు 90 నిమిషాల ఫుటేజ్ ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అక్టోబరు 9న రావాల్సిన సినిమాను హడావుడిగా సెప్టెంబరు 27నే రిలీజ్ చేశారు. కాపీ బయటికి వెళ్లింది ఓ ప్రొడక్షన్ అసిస్టెంట్ ద్వారానే అని పోలీసులు చెప్పారు. 2016 నవంబరులో 'బాహుబలి 2' యుద్ధ సన్నివేశాలు లీకైతే.. అరెస్టయింది గ్రాఫిక్స్ పనిచేసే వ్యక్తే. ఈ రెండింటికీ సెర్చ్ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు. కానీ ఒక్క విషయం మాత్రం తేలింది. తాళం పగలగొట్టక్కర్లేదు, లోపల ఉన్నవాళ్ల చేతికి ఫైల్ అందితే చాలు.

సెర్చ్ ఏం చేస్తుంది?

కంప్యూటర్‌లోని ఫైళ్ల పేర్లే కాదు.. వర్డ్, పీడీఎఫ్ లోపలి మాటలు, ఈమెయిళ్లు కూడా చదివి ఓ జాబితా తయారు చేసుకుంటుంది. దాన్నే ఇండెక్స్ అంటారు. ఆఫీస్ సర్వర్‌లో పదేళ్ల కిందట ఎవరో 'అందరికీ' అని షేర్ చేసిన ఫోల్డర్ ఉందనుకోండి. ఇన్నాళ్లూ అది ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు హీరో పేరు కొడితే చాలు.. రెమ్యునరేషన్ అగ్రిమెంట్, పాన్ కార్డ్ కాపీ, స్క్రిప్ట్ డ్రాఫ్ట్ వరుసగా వచ్చేస్తాయ్. సెర్చ్ కొత్తగా తలుపు తెరవలేదు. తెరిచి ఉన్న తలుపును చూపించిందంతే.

ఎడిటింగ్ సూట్లలో ఇంకో చిక్కు ఉంది. పగలొకరు, రాత్రొకరు ఒకే లాగిన్‌తో పనిచేస్తే, ముందు షిఫ్ట్ మనిషి మెయిళ్లు తర్వాతి మనిషి సెర్చ్‌లో తేలుతాయి.

గూగుల్ నుంచి రీకాల్ దాకా

ఈ భయం కొత్తది కాదు. 2004లో గూగుల్ డెస్క్‌టాప్ వచ్చింది. 2006 ఫిబ్రవరిలో ఒక కంప్యూటర్ ఫైళ్లను మరో కంప్యూటర్ నుంచి వెతికే సదుపాయం తెచ్చింది. అది ఆన్ చేస్తే ఫైళ్లలోని టెక్స్ట్ కాపీ గూగుల్ సర్వర్లకు వెళ్లేది. దాన్ని వాడొద్దని అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హెచ్చరించింది. 2011లో గూగుల్ ఆ సాఫ్ట్‌వేర్‌నే ఆపేసింది.

2024 మేలో మైక్రోసాఫ్ట్ 'రీకాల్' ప్రకటించింది. స్క్రీన్‌ను మాటిమాటికీ ఫొటో తీసి, తర్వాత వెతుక్కోనిచ్చే ఫీచర్ ఇది. విమర్శలు రావడంతో వాయిదా వేసి, ఎన్‌క్రిప్షన్ పెట్టి, యూజర్ ఒప్పుకుంటేనే పనిచేసేలా మార్చి 2025లో విడుదల చేసింది. విడుదల కాని సినిమా రషెస్ చూసే కంప్యూటర్‌లో ఇలాంటిది ఆన్‌లో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

చట్టం ఏమంటోంది?

నటీనటులు, జూనియర్ ఆర్టిస్టుల వివరాలు కూడా వ్యక్తిగత డేటానే. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే సర్దుకోవడానికి టైమ్ ఉంది, కానీ ఎక్కువ లేదు.

ఏం చేయాలి?

* సెర్చ్ పెట్టేముందే 'అందరికీ' షేర్ అయిన ఫోల్డర్లు చూసి మూసేయాలి.
* ఒక్కో మనిషికి ఒక్కో లాగిన్ ఇవ్వాలి. సినిమా పని అయిపోగానే ఆ లాగిన్ తీసేయాలి.
* స్క్రిప్ట్, అగ్రిమెంట్, ఫుటేజ్ ఫోల్డర్లను ఇండెక్స్ నుంచి తప్పించాలి.
* ఫైళ్లు క్లౌడ్‌కు వెళ్లే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

కాపీ ఒక్కసారి బయటికి వెళ్తే వెనక్కి తేలేం. ఎవరికి ఏ ఫైల్ కనపడాలో ముందే తేల్చుకుంటే, సెర్చ్ సాఫ్ట్‌వేర్ హాయిగా పనికొస్తుంది. లేదంటే అదే సాఫ్ట్‌వేర్ లీక్ చేసేవాడి పని సులువు చేస్తుంది.