ఊగే కుర్చీకి మేకు వద్దు

మా నాయనమ్మగారు కూర్చునే టేకు కుర్చీ ఊగుతుంటే తొందరపడి మేకు దిగ్గొట్టాము. కర్ర చీలింది. ఆమె పడబోయి గోడ పట్టుకొన్నారు. ఆ తరువాత వడ్రంగి మాకు నేర్పిన పద్ధతి ఇది.

వదులైన అడ్డకర్రను మెల్లగా ఊడదీయండి. దాని కొనకూ బెజ్జానికీ అంటిన పాత జిగురును పూర్తిగా గీకివేయండి. ఎండిన జిగురుపై కొత్తది సరిగా పట్టదు. బెజ్జం అరిగిపోతే, చిత్రిక పట్టగా వచ్చిన పలుచని చెక్కపొరను కొనకు అంటించండి. ఫెవికాల్ రాసి బిగించి, చదునైన నేలపై నిలపండి. కాళ్ళ చుట్టూ తాడు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెట్టండి. ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడవండి. ఒక రోజంతా ఎవరినీ కూర్చోనివ్వకండి.

పెద్దలు కూర్చునే కుర్చీని అప్పుడప్పుడు మనమే ఊపి చూద్దాము. వారు పడేదాకా ఆగవద్దు.